పోటీకత్తె చెప్పిన హితవు

వైశాఖమాసము వచ్చినదనగా మా ఉంగుటూరు ఇండ్లలో మామిడిపండ్ల వాసన తప్ప వేఱొక వాసన యుండదు. ఉత్తరపు దిక్కున నున్న నూజివీటి తోటలనుండి బుట్టలు దిగును. చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి కాయలు వరిగడ్డిలో పేర్చి, గది తలుపు మూసి, పూటపూటకు తీసి చూచుకొనుట పిల్లలకు పండుగ. ఆ పండ్లకొఱకే సెలవులలో పట్టణమునుండి వచ్చు మా మనుమరాలు ఈ యేడు బుట్టప్రక్కనే కూర్చుండి, ఒక జపాను బొమ్మలకథను ఆంగ్లములో చదువుచు, ఉన్నట్లుండి తల యెత్తి నన్నడిగినది:

“అమ్మమ్మా, ఒక పిల్ల ఇంకొక పిల్లకు మంచి సలహాయే చెప్పినది. దానివలన మేలే కలిగినది. అయినను చెప్పిన పిల్లను అందఱు తప్పుపట్టుచున్నారు. సలహా మంచిదైనప్పుడు చెప్పినవారి మనసుతో మనకేమి పని?”

ప్రశ్న చిన్నది. కాని సోదరీమణులారా, మన ఇండ్లలో దినదినము ఎదురగు ప్రశ్న అదియే. పెండ్లిసంబంధము కుదిరినను, కోడలు కాపురమునకు వచ్చినను, ఆడుపిల్ల చదువునకు బయలుదేరినను, సలహా చెప్పువారికి మనయందు కొదువ లేదు. అందుచేత చేతిలోని పని ప్రక్కన బెట్టి, ఆ కథ నంతయు ఆమెచే చెప్పించుకొని వింటిని.

జపానువారు బొమ్మలకథలను ‘మాంగా’ యందురట. తమిళులు మామిడికాయను ‘మాంగాయ్’ అందురు గనుక, మామిడిబుట్ట దగ్గఱ చదువదగిన కథయే యని నేను నవ్వితిని. ఈ కథపేరు ‘కిమి ని తోదొకె’. ‘నీకు చేరుగాక’ యని దాని భావము. వ్రాసినది కరుహో షీనా యను స్త్రీ. ‘బెస్సత్సు మార్గరెట్’ అను బాలికల మాసపత్రికలో 2006 మొదలు 2017 వఱకు వెలువడి, 30 సంపుటములైనది. 2008లో కోదన్‌ష బహుమానము పొందినది.

ఇందలి నాయిక సవాకో. నల్లని పొడుగు జుట్టు, తగ్గుస్వరము, బెరుకుచూపు గల పిల్ల. ఒక భయానక చలనచిత్రములోని దయ్యముపేరు పెట్టి తోడివారామెను దూరముగా నుంచుచుందురు. కజెహాయ యను విద్యార్థి యొక్కడు ఆమెతో ఆదరముగా మాటలాడును. ఆ మాటలతో ఆమెకు లోకము తెఱచుకొనును; అయానె, చిజూరు అను ఇద్దఱు స్నేహితురాండ్రు దొరకుదురు. తన హృదయములో మొలచినది ప్రేమయో, కృతజ్ఞతయో ఆమెకే తెలియదు.

అప్పుడు కురుమి యను పిల్ల వచ్చును. బొమ్మవంటి ముఖము, తేనెవంటి మాట. కజెహాయను ఆమె చిన్నతరగతులనాటినుండియు ప్రేమించుచున్నది. ‘అతడు మన అందఱివాడు, ఎవ్వరును అతనిని తమవానిగా జేసికొనరాదు’ అని తోడి బాలికలలో ఒక ఒడంబడిక పుట్టించినది కూడ ఆమెయే. తన ప్రేమకు సాయపడుమని సవాకోను కోరగా, ఆ అమాయకురాలు తనవలన కాదని నిజము చెప్పును. అంతట కురుమి యొక సలహా యిచ్చును. “నీ వింతవఱకు ఇతర బాలురతో మాటలాడియే యెఱుగవు. అతనిమీది యిష్టము ప్రత్యేకమైనదని నీకెట్లు తెలియును? మఱియొకరితోను మాటలాడి చూడుము” అని ఆమె చెప్పినదాని సారము. అట్లు చెప్పి సవాకోను ర్యూ యను విద్యార్థివైపు మరలించి, ఆ యిద్దఱు మాటలాడుచుండగా కజెహాయ కంట పడునట్లు చేయును.

సవాకో ఆ మాటను మనసార నమ్మి ఆచరించినది. ఇతరునితో మాటలాడి చూచినది. చూచిన పిమ్మట, తన హృదయము కజెహాయయందే వేఱుగా నున్నదని స్పష్టముగా తెలిసికొన్నది! పోటీకత్తె ఆమెను తప్పించుటకు చెప్పిన మాటయే ఆమెకు దారి చూపినది. స్నేహితురాండ్రను గూర్చి సవాకోపేరిట చెడ్డమాటలు పుట్టించినదియు కురుమియే యని తరువాత బయటపడును. మా మనుమరాలి ప్రశ్న ఇందుండి పుట్టినది. సలహా యొప్పు, ఫలము మేలు, మఱి తప్పెక్కడ?

నేను వెంటనే బదులు చెప్పలేదు. కురుమి చెప్పిన మాటలను ఒక్కొక్కటిగా తిరుగవేసి చూచితిని. ‘నీవు ఇతరులతో మాటలాడి యెఱుగవు’ అనుట నిజమే. ‘పోల్చి చూడనిదే తెలియదు’ అనుటయు తెలివిగల మాటయే. ఏ తల్లియైన కూతునకు చెప్పదగినదే. అందులో అబద్ధ మెక్కడను లేదు. లేనిది ఒక్క వాక్యము: “నేనును అతనిని కోరుచున్నాను గనుక, నీవు తొలగిన నాకు మేలు.” సాయము కోరినప్పుడు తన ప్రేమను చెప్పిన నోరే, సలహా చెప్పునప్పుడు ఆ సంగతి మఱచినట్లు నటించి, హితురాలి వేషము వేసికొన్నది. కపటసలహాకు అబద్ధ మాడవలసిన పని లేదు. చెప్పవలసిన ఒక్క వాక్యమును మ్రింగిన చాలును.

ఇది జపానుదేశపు వింత గాదు. 1918లో నూజివీటియందే జన్మించిన యస్. వి. రంగారావుగారు 1951లో ‘పాతాళభైరవి’ చిత్రమున నేపాళమాంత్రికుడై కనుబడిన తీరు మన యిండ్లలో మఱవనివారు లేరు. రాకుమారిని ప్రేమించిన తోటరాముడు రాజుతో సమానమైన సంపద తెచ్చిన పెండ్లి యన్నారు. మాంత్రికు డతనికి దారి చూపెదనని నమ్మబలుకును. పాతాళభైరవి ప్రతిమవలన సంపద కలుగుననుట అబద్ధము కాదు, నిజముగానే కలుగును. కాని ఆ ప్రతిమ దక్కుటకు సాహసికుని బలి యీయవలెననియు, ఆ బలిపశువు నీవే యనియు అతడు చెప్పలేదు. కొలనులో మొసలి రూపమున నున్న శాపగ్రస్త ఆ మ్రింగిన వాక్యమును బయటపెట్టుటచేతనే రాముడు బ్రతికినాడు. ఆ మాంత్రికుడే పిమ్మట రాకుమారిని అపహరించి తన్ను పెండ్లాడుమని వేధించును. హితుడుగా మొదలిడినవాడు ప్రత్యర్థిగా తేలినాడు.

మఱి ప్రత్యర్థి చెప్పు సలహా నిర్మలముగా నుండుట కలదా? కలదు. అది మన భారతములోనే యున్నది. నన్నయగారు అరణ్యపర్వమున తెలిగించిన నలోపాఖ్యానము జ్ఞాపకము చేసికొనుడు. దమయంతీ స్వయంవరమునకు బోవుచున్న నలుని దేవతలు దూతగా పంపుదురు. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు, వీరిలో నొకరిని వరింపుమని ఆమెతో చెప్పుట అతని పని. తాను ప్రేమించిన కన్యకు తన ప్రత్యర్థులను వరింపుమని చెప్పవలసిన దుఃఖ మెవరికి రావలెను! నలుడు ఆ పని చేసినాడు. కాని తానెవరో దాచలేదు. తాను నలుడననియు, దేవతలు పంపగా వచ్చితిననియు చెప్పి, దేవతల గొప్పతనము వివరించినాడు. ‘నిన్నే వరింతును’ అని ఆమె చెప్పగా, దూతగా వచ్చినవాడు తన పని చూచుకొనుట ధర్మమగునా యని తన మనసులోని సంకటమును సైతము విప్పి చెప్పినాడు. చెప్పవలసినదంతయు చెప్పినందుననే దమయంతి ఆ సలహాను కాదనుటకు స్వతంత్రురాలైనది. అందఱు స్వయంవరమునకు రండు, అందఱి యెదుట నిన్నే వరింతును, నీకు దోషము రాదు అని ఆమె మార్గము చెప్పినది.

ఆ స్వయంవరమున నలుగురు దేవతలు నలుని రూపమే ధరించి కూర్చుండిరి. చెమట పట్టనివారు, ఱెప్ప వేయనివారు, పాదము నేల నంటనివారు, నీడ లేనివారు దేవతలు. చెమటయు, ధూళియు, నీడయు గలవాడు నలుడు. ఆ గుర్తులవలన దమయంతి తనవానిని పోల్చుకొన్నది. నా కిందులో ఒక నీతి తోచును. మనుష్యమాత్రుడు చెప్పు ప్రతి సలహాకును నీడ యుండును. తన లాభమో, తన భయమో, తన పాతగాయమో దాని వెంట వచ్చును. నీడ యుండుట దోషము గాదు. ‘నాకేమియు లేదు, అంతయు నీ మేలుకొఱకే’ యని నీడ లేనట్లు వచ్చు సలహాయెడనే జాగ్రత్తపడవలెను.

ఇంతవఱకు ఇతరుల గుట్టు చెప్పితిని. సలహా చెప్పువారు తమ పాలు దాచరాదని వ్రాయుచు నా పాలు దాచుట న్యాయము గాదు.

నాకు పందొమ్మిదేండ్లప్పుడు ఒక పెండ్లివారు మా యింటికి వచ్చి నన్ను చూచి పోయిరి. ఆ చిన్నవాడు నాకు నచ్చినాడు. ఉత్తరము వ్రాయుదు మన్నవారు వ్రాయలేదు. కొన్ని నెలలకు వారే మా పినతల్లిగారింటికి వచ్చి ఆమె కుమార్తెను చూచి, ఇష్టపడిరి. నా చెల్లెలు పరుగెత్తుకొని నా దగ్గఱకు వచ్చి, “అక్కా, ఏమి చేయమందువు?” అని యడిగినది. వారు మొదట మా యింటికి వచ్చిన సంగతి ఆమె యెఱుగదు. నేను తల నిమిరి, “చెల్లీ, నీకు చదువు వచ్చును. ఉపాధ్యాయ శిక్షణలో చేరుటకు ఇదియే అదను. పెండ్లి ఎక్కడికి పోవును?” అంటిని. ఆమె నా మాట విని, ఆ సంబంధము వలదని పట్టుపట్టి, చదివి, ఉపాధ్యాయినియై, తరువాత మంచి యింట పడి, గౌరవముగా జీవించినది. నేడు పింఛను పుచ్చుకొనుచున్నది. పదిమందిలో, “మా అక్క మాటవలననే నా కాళ్లమీద నేను నిలిచితిని” అని ఇప్పటికిని చెప్పును. ఆ మాట వినబడినప్పుడెల్ల నేను ఏదో పని యున్నట్లు వంటయింటిలోనికి పోవుదును.

నేనన్న మాటలో అబద్ధ మొక్కటియు లేదు. ఆమెకు మేలే కలిగినది. అయినను ఆనాడు ఆమె తన జీవితమును గూర్చి నిర్ణయించుకొన్నానని యనుకొన్నది. నిర్ణయించినది నా యసూయ. సంగతి యంతయు తెలిసియుండిన ఆమె చదువునే కోరియుండునేమో, ఆ చిన్నవానినే కోరియుండునేమో. ఎంచుకొను హక్కు ఆమెది. దానిని చెప్పకుండ తీసికొన్నదానను నేను. మనుమరాలి ప్రశ్నకు ఇదియే నా బదులు. ఫలము మంచిదైనంత మాత్రమున దొంగిలించిన హక్కు తిరిగి రాదు. అంతేగాక, అట్టి సలహా చెప్పినవారికి కృతజ్ఞత సైతము శిక్షయే యగును.

మామిడికాయ కొనునప్పుడు మన మేమి చేయుదుము? రంగు చూచి మోసపోము. కార్బైడుతో మాగించుటను 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు నిషేధించినను, అట్టి పండ్లు అంగళ్లకు రాకపోలేదు. పైనంతయు పసుపు, లోన పులుపు. తెలిసిన యిల్లాలు తొడిమయొద్ద వాసన చూచును. సలహానుగూడ తొడిమయొద్ద చూడవలెను. ఈ మాట పాటించిన పిమ్మట చెప్పినవారి స్థితి యేమగును? దీనిని నలుగురి యెదుట చెప్పగలరా, చాటున మాత్రమే చెప్పుదురా? ‘ఇందులో నీ పాలేమి?’ యని నెమ్మదిగా నడిగిన ముఖము మాడ్చుకొందురా, విప్పి చెప్పుదురా? అంతమాత్రమున పోటీకత్తె మాటయని త్రోసివేయవలదు. సవాకోవలె అందలి నిజమును గ్రహించి, నిర్ణయము మాత్రము మన చేత నుంచుకొనవలెను.

కురుమియందు నాకు కోపము లేదు. ఆమె చివరకు కజెహాయతో తన ప్రేమను తానే చెప్పుకొని, కాదనిపించుకొన్నది. సవాకోయు ఆమెను శత్రువుగా గాక, తనతో సమానముగా ప్రేమించిన పోటీదారుగా గౌరవించినది. మ్రింగిన వాక్యమును ఆ చిన్నపిల్ల కొలదికాలములోనే పైకి చెప్పగలిగినది. నాకింత వయస్సు వచ్చినను చేతకాలేదు.

వచ్చే వారము మా చెల్లెలు పండ్లకు మా యింటికి వచ్చుచున్నది. రసాలబుట్ట ఆమెకొఱకే మాగవేసితిని. ఈ వ్యాసము అచ్చునకు పోకముందు ఆమెకే చదివి వినిపింపవలెనని యున్నాను.