హోర్డింగు మీద కవలలు, అప్పు మాత్రం వాడలో

గన్నవరం నుంచి విజయవాడ వెళ్లే దారిలో సంతాన సాఫల్య కేంద్రాల హోర్డింగులు కనిపిస్తాయి. వాటి మీద నవ్వే కవలల బొమ్మ చూస్తే ఒకే ఖర్చుతో ఇద్దరు పిల్లలు వస్తారన్న ఆశ పుడుతుంది. ఆ ఆశ వెనక ఏముందో మనం తెలుసుకోవాలి.

కవలలు పెరుగుతున్న మాట నిజం. 2021లో ‘హ్యూమన్ రీప్రొడక్షన్’ పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1980ల తొలినాళ్లలో ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కాన్పులకు 9 కవల కాన్పులు ఉండేవి. 2010-15 నాటికి అవి 12. ఆసియాలో పెరుగుదల 32 శాతం. ఒకే అండం చీలి పుట్టే కవలలు ఎప్పటిలాగే వెయ్యికి నాలుగు. పెరిగింది రెండు అండాల కవలలే. మహిళలు ఆలస్యంగా తల్లులు కావడం ఒక కారణం, సంతాన చికిత్స మరో కారణం.

అండాలు విడుదలయ్యేందుకు ఇచ్చే మందులతో ఒక్క నెలలోనే రెండు మూడు అండాలు రావచ్చు. ఐవీఎఫ్‌లో రెండు పిండాలు పెడితే రెండూ నిలవొచ్చు. సగానికి పైగా కవలలు నెలలు నిండకుండానే పుడతారు. తల్లికి బీపీ, రక్తస్రావం ముప్పు ఎక్కువ. ఒక్క పిండమే పెడితే ఈ ముప్పు బాగా తగ్గుతుంది.

కానీ అది ఫలించకపోతే మళ్లీ ప్రయత్నించాలి, మళ్లీ డబ్బు కట్టాలి. పుస్తెలు తాకట్టు పెట్టి వచ్చిన కూలీ దంపతులకు రెండో అవకాశం ఉండదు. అందుకే రెండు పిండాలకు ఒప్పుకుంటారు. అక్కడ నిర్ణయించేది వైద్యం కాదు, పేదరికం. పసికందులను ఇంక్యుబేటర్‌లో ఉంచాల్సి వస్తే మరో అప్పు.

2019లో గుంటూరులో 70 ఏళ్లు దాటిన మహిళ ఐవీఎఫ్‌తో కవలలను కన్నది. 2021 నాటి చట్టం మహిళలకు 50 ఏళ్ల పరిమితి పెట్టింది. వయసుకు హద్దు వచ్చింది, ఖర్చు భారం మాత్రం అలాగే ఉంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. పిల్లలు వద్దనడానికి ప్రభుత్వం ప్రతి వాడకూ వచ్చింది. ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటోంది. కనలేని దళిత మహిళను మాత్రం బజారుకు వదిలేసింది.

హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభమైంది. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ ఉచిత చికిత్స కావాలి. ఒక్క పిండమే పెట్టించుకుని, అవసరమైతే మళ్లీ ప్రయత్నించే హక్కు పేదలకూ ఉండాలి. మేము అడుగుతున్నది ఇదే.