అడవి శిబిరానికి మీ పిల్లల్ని పంపే ముందు...

పరీక్షలు అయిపోగానే సంఘాల్లోనూ, పాఠశాలల్లోనూ యౌవనస్థుల వేసవి శిబిరాల మాట మొదలవుతుంది. నల్లమల, అరకు లోయ, పాపికొండలు వంటి చోట్లకు పిల్లలు గుడారాలు సర్దుకుని బయలుదేరుతారు. ఆ రోజుల్లో మా ఆసుపత్రికి వచ్చే తల్లిదండ్రులు తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. "మా వాడికి ఆయాసం ఉంది, పంపవచ్చా?" "మా అమ్మాయి ఫిట్స్ మాత్రలు వాడుతోంది, క్యాంపువాళ్ళకు చెప్పాలా?"

మొదటి ప్రశ్నకు జవాబు: జబ్బు అదుపులో ఉంటే చాలామందిని పంపవచ్చు. రెండవ ప్రశ్నకు జవాబు: తప్పకుండా చెప్పాలి.

శిబిరం వల్ల మేలు ఏమిటి?

యేసుక్రీస్తు ప్రభువు తన శిష్యులను విశ్రాంతి కోసం ఏకాంత స్థలానికి తీసుకువెళ్ళిన సంగతి మార్కు సువార్త 6వ అధ్యాయంలో చూస్తాం. ఫోను, టీవీ లేకుండా నాలుగు రోజులు కొండలెక్కి, కట్టెలు ఏరి, నలుగురితో కలిసి వండుకు తిన్న పిల్లలకు ఒంటికి వ్యాయామం, మనసుకు ధైర్యం కలుగుతాయి. గురుకుల పాఠశాల విద్యార్థులైన మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. వారి శిక్షణ భువనగిరి గుట్ట మీద మొదలై నెలల తరబడి సాగింది. సాహసం వెనుక అంత సన్నాహం ఉండాలి.

జబ్బును దాచకండి

ఫిట్స్ ఉన్నాయని తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారో, రేపు పెళ్ళికి అడ్డవుతుందేమో అని ఆడపిల్లల తల్లిదండ్రులు దాచిపెట్టడం మనకు తెలిసిందే. కాని అడవిలో మీరు పక్కన ఉండరు. విషయం తెలియని స్నేహితులు ఆ పిల్లను ఒంటరిగా చెరువులో దిగనిస్తారు, బండ ఎక్కనిస్తారు. అందుకే శిబిర పెద్దకు రహస్యంగానైనా చెప్పండి. డాక్టరుగారి చేత జబ్బు పేరు, మందులు, మోతాదు ఒక కాగితం మీద రాయించి ఇవ్వండి.

ఫిట్స్: ఒక్క పూట మాత్ర మానినా, రాత్రి నిద్ర చాలకపోయినా ఫిట్స్ రావచ్చు. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, నీళ్ళు, ఏవీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఆయాసం: చలిమంట పొగ, దుమ్ము, కొండ ఎక్కడం వల్ల ఆయాసం పెరగవచ్చు. వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ బస్సులోని సంచిలో కాక పిల్లవాడి జేబులోనే ఉండాలి.

ఇన్సులిన్ వాడే పిల్లలు: ఎక్కువ నడిచిన రోజున షుగరు పడిపోతుంది. అదే రోజు రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. జేబులో చక్కెర లేక గ్లూకోజు పొడి ఉంచండి. మోతాదు ఎలా మార్చాలో ముందే డాక్టరును అడగండి. ఎండలో ఉంచిన ఇన్సులిన్ పాడవుతుంది. తడి ఇసుక పోసిన చిన్న మట్టికుండలో, నీరు తగలకుండా డబ్బాలో పెట్టి ఉంచవచ్చు.

వడదెబ్బ

నడక తెల్లవారుజామున, సాయంత్రం పెట్టుకోవాలి. మిట్టమధ్యాహ్నం నీడన ఉండాలి. దాహం వేసేదాకా ఆగకుండా మజ్జిగ, ఓఆర్ఎస్ తాగుతుండాలి. ఒళ్ళు కాలిపోతూ, తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. జ్వరం మాత్ర దానికి పనిచేయదు. నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, విసురుతూ ఆసుపత్రికి తరలించాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

నీళ్ళ దగ్గర

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో విహారయాత్రకు వెళ్ళిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువ డ్యామ్ నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా ముంచెత్తింది. నది ప్రశాంతంగా కనిపించినంత మాత్రాన దిగకూడదని ఆ దుర్ఘటన చెబుతోంది. స్థానికులను అడగకుండా, పెద్దవారు గట్టున కాపలా లేకుండా ఎవరూ నీటిలో దిగకూడదు.

పాము కరిస్తే

కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద నిద్రపోయేవారిని కరుస్తుంది. నొప్పి, గాటు కనిపించకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే పాముకాటుగానే అనుమానించాలి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకుంటే పాము, దోమ రెంటి నుంచీ రక్షణ.

కరిస్తే గట్టిగా తాడు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి, పసరు వైద్యానికి తీసుకువెళ్ళకండి. కాలు విరిగినప్పుడు కట్టినట్టు బద్ద కట్టి, కదలనీయకుండా, నడిపించకుండా మోసుకువెళ్ళాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలకు ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. కనుక పామును చంపి తేవడానికి సమయం వృథా చేయవద్దు.

నిర్వాహకులను ఈ ప్రశ్నలు అడగండి

1. దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? అక్కడ పాము విషానికి విరుగుడు మందు ఉందా?
2. రాత్రంతా శిబిరం దగ్గర వాహనం ఉంటుందా? ఫోను సిగ్నల్ ఎక్కడ అందుతుంది? సిగ్నల్ లేని చోట 108కి ఫోను చేయడం కుదరదు.
3. ప్రథమ చికిత్స నేర్చుకున్నవారు ఎవరు?
4. అటవీశాఖ అనుమతి తీసుకున్నారా?
5. తాగేనీరు కాచి ఇస్తారా?

జవాబులు సరిగా రాకపోతే నిర్మొహమాటంగా పంపడం మానండి. అడిగితే ఏమనుకుంటారో అని సంకోచించకండి. మంచి నిర్వాహకులు ఇలాంటి ప్రశ్నలకు సంతోషిస్తారు. 10, 16 ఏళ్ళ వయసులో వేయించవలసిన టీడీ టీకా వేయించారో లేదో కూడా చూసుకోండి.

తిరిగి వచ్చాక

ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్ళి వచ్చాక నెల రోజుల లోపు జ్వరం వస్తే మలేరియా కోసం రక్తపరీక్ష చేయించండి. పొదల్లో తిరిగినవారికి చిన్న పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ రావచ్చు. చంకలు, గజ్జలు, నడుము దగ్గర కాలినట్టు నల్లని చెక్కు ఉందేమో చూడండి. అడవికి వెళ్ళిన సంగతి డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాటతో సగం రోగ నిర్ధారణ అవుతుంది. త్వరగా గుర్తిస్తే రెండింటికీ మంచి మందులున్నాయి.

జబ్బు ఉన్న పిల్లలు కూడా కొండ మీద సూర్యోదయం చూడాలి. భయంతో వారిని గదిలో బంధించకండి, ధీమాతో గాలికీ వదిలేయకండి. మందుల సంచి సర్దండి, శిబిర పెద్దతో నిజం చెప్పండి, ప్రార్థన చేసి పంపండి.