పత్తి చేనుకు దుమ్ము దెబ్బ

బెల్లంపల్లి పేరు చెబితే ముందుగా గుర్తుకొచ్చేది బొగ్గు. ఇక్కడి పాత బొగ్గు బాయిలు చాలావరకు మూతపడ్డాయి. అయితే మందమర్రి, శ్రీరాంపూర్ వైపు ఓపెన్ కాస్ట్ గనులు వచ్చాయి. బాయి పనిలో దుమ్ము ఎక్కువగా కార్మికుని ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఓపెన్ కాస్ట్‌లో అదే దుమ్ము పక్క చేలమీదికి, ఊళ్లమీదికి వస్తోంది. బాంబులు పేల్చినప్పుడు, బొగ్గు ఎత్తిపోసేటప్పుడు, టిప్పర్లు మట్టి బాటల్లో తిరిగేటప్పుడు దుమ్ము లేస్తుంది. సిమెంటు దుమ్ము, థర్మల్ కేంద్రాల బూడిద కూడా గాలిలో కలిసేవే.

పంటకు నష్టం ఎలా?

ఆకు మీద దుమ్ము పొరలా పేరుకుంటే ఎండ సరిగా తగలదు. ఆకు గాలి పీల్చే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. మొక్క ఆహారం తయారు చేసుకోవడం తగ్గి పూత, కాయ దెబ్బతింటాయి. దుమ్ము పట్టిన మొక్కలపై నల్లి ఉధృతి పెరుగుతుంది. పైగా కొట్టిన మందు ఆకుకు సరిగా అంటదు. సిమెంటు దుమ్మయితే మంచుకు తడిసి పెచ్చులా గట్టిపడుతుంది.

వానాకాలంలో ఈ నష్టం అంతగా కనిపించదు. వాన ఆకులను కడిగేస్తుంది. వానలు వెనక్కి పోయాకే అసలు చిక్కు. సరిగ్గా అప్పుడే పత్తి కాయలు పగులుతాయి. తెల్లటి దూదికి నల్ల దుమ్ము పడితే మార్కెట్లో ధర తెగ్గోస్తారు.

రైతులు ఏం చేయాలి?

* బాట పక్క చేనులో గట్టు వెంట మూడు నాలుగు సాళ్లు కంది వేయండి. పత్తి ఏరే దాకా నిలబడి కొంత దుమ్మును ఆపుతుంది. గట్టు మీద వేప, కానుగ పెంచితే ఏళ్ల తరబడి అడ్డుగా ఉంటాయి.
* కాయ పగిలిన పత్తిని చేనులో ఎక్కువ రోజులు ఉంచకండి. బాట పక్క సాళ్ల పత్తిని వేరే సంచిలో ఏరండి. మంచి పత్తిలో కలిపితే మొత్తానికీ ధర పడిపోతుంది.
* పత్తి ఏరే కూలీలు ముక్కుకు, నోటికి బట్ట కట్టుకోవాలి.

మన పొగ సంగతి?

పత్తి కట్టె, వరి గడ్డి తగలబెట్టడం కూడా గాలిని పాడుచేసే పనే. చలికాలం తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లగా, కదలకుండా ఉంటుంది. పొగ పైకి పోక ఊరి మీదే నిలుస్తుంది. పిల్లలకు, ఉబ్బసం ఉన్న ముసలివారికి అది ఎంతో బాధ. టన్ను వరి గడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ పోతాయని లెక్క. పత్తి కట్టెను ష్రెడ్డరుతో ముక్కలు చేసి దున్నేయండి. గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది కాబట్టి గట్టు మీద కుప్పలు వేయకండి.

అడిగే హక్కు ఉంది

గాలి కాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. 2009 నాటి జాతీయ ప్రమాణాల ప్రకారం, ఘనపు మీటరు గాలిలో పది మైక్రాన్ల లోపు దుమ్ము 24 గంటల సగటున 100 మైక్రోగ్రాములు దాటకూడదు. బాటలపై నీళ్లు చల్లించమని, బొగ్గు లారీలకు టార్పాలిన్ కప్పించమని, మట్టి గుట్టలపై చెట్లు పెంచమని గట్టిగా అడగండి. దుమ్ము పడ్డ తేదీలు రాసి పెట్టుకోండి. ఫొటోలు తీయండి. పంట చేనులో ఉండగానే వ్యవసాయ అధికారికి చూపించండి. నలుగురు రైతులు కలిసి కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరేట్ ప్రజావాణికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పత్తి ఏరి అమ్మిన తర్వాత నష్టం చూపడానికి చేనులో ఏమీ మిగలదు.