మంద ఖాళీ.. ఖర్చు మాత్రం బాకీ!
జీవాలను మార్చిన తర్వాత లెక్క సరిచూసుకునే విధానం

మర్రిగూడ: దొడ్డిలో ఒక్క పిల్ల కూడా లేదు. కంప్యూటర్ తెరపై మాత్రం ఆ మంద పేరున రూ.8 వేల ఖర్చు కనిపిస్తూనే ఉంటుంది. గొర్రెల పెంపకానికి సాఫ్ట్‌వేర్ వాడుతున్న వారికి ఎదురయ్యే చిక్కుల్లో ఇది ముఖ్యమైనది. పాలు మానిన పిల్లలను పొట్టేళ్ల మందకో, తల్లి మందకో మార్చినప్పుడు జీవాలన్నీ వెళ్లిపోతాయి. ఖర్చులో కొంత భాగం పాత మందలోనే నిలిచిపోతుంది. దానిని పట్టించుకోకపోతే పొట్టేలుపై అయిన అసలు ఖర్చు తెలియదు. అమ్మకం ధర తప్పుతుంది. ఇద్దరు, ముగ్గురు కలిసి పెట్టుబడి పెట్టిన చోట లాభం ఎక్కువగా కనిపించి, చివరకు బిల్లు కట్టినవారు నష్టపోతారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో వర్షాధార సేద్యానికి జీవాల పెంపకమే ఆసరా. 2019 నాటి 20వ పశుగణనలో 1.9 కోట్లకు పైగా గొర్రెలతో తెలంగాణ దేశంలోనే ప్రథమ స్థానంలో నిలిచింది. కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని పశుపోషకులకూ విస్తరిస్తామని 2018-19 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. 2021లో మార్పులు చేసిన జాతీయ పశుసంపద మిషన్ కింద 500 తల్లి గొర్రెలు, 25 పొట్టేళ్ల యూనిట్‌కు 50 శాతం, గరిష్ఠంగా రూ.50 లక్షల రాయితీని నిర్ణయించారు. ఇంత పెట్టుబడితో కూడిన పెంపకంలో నోటి లెక్కలు సరిపోవు. బ్యాంకు అడిగినా, భాగస్వామి అడిగినా ఏ మందపై ఎంత ఖర్చయిందో చూపగలగాలి.

మిగులు ఎందుకు వస్తుంది?

సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మందకూ ఒక ఖాతా ఉంటుంది. మేత, దాణా, ఔషధాలు, కాపరి కూలి అందులో చేరతాయి. మొత్తాన్ని జీవాల సంఖ్యతో భాగించగా వచ్చేదే తల ఖర్చు. జీవాలను మార్చినప్పుడు ఆ తల ఖర్చు వాటి వెంట కొత్త మందకు వెళ్తుంది. మిగులు ఏర్పడటానికి ప్రధానంగా నాలుగు కారణాలు ఉంటాయి.

మొదటిది ఆలస్యంగా వచ్చే బిల్లు. పిల్లలను మార్చిన పది రోజులకు దాణా దుకాణం నుంచి పాత నెల బిల్లు వస్తుంది. రెండవది మరణాలు. చనిపోయిన జీవాలను సంఖ్య నుంచి తీసివేయకపోతే వాటి వాటా అక్కడే ఉండిపోతుంది. మూడవది ముందే నిర్ణయించిన ధరతో మార్చడం. అసలు తల ఖర్చు రూ.3,000 కాగా రూ.3,200 చొప్పున 40 పిల్లలను మార్చితే పాత ఖాతాలో రూ.8 వేలు మైనస్‌గా కనిపిస్తుంది. నాలుగవది పైసలను వదిలి రూపాయలకు సవరించడం. ఇది స్వల్పమే అయినా ఖాతాను సున్నా కానివ్వదు.

ఉదాహరణతో చూస్తే..

ఒక పిల్లల మందలో 40 పిల్లలు ఉన్నాయనుకుందాం. వాటిపై అప్పటివరకు అయిన ఖర్చు రూ.1,20,000. తల ఖర్చు రూ.3,000. వీటిలో 25 మగ పిల్లలను పొట్టేళ్ల మందకు, 15 ఆడ పిల్లలను తల్లి మందకు మార్చారు. మొదటి దానికి రూ.75,000, రెండో దానికి రూ.45,000 వెళ్లాయి. పాత ఖాతా సున్నా అయింది.

ఆ తర్వాత పాత నెలకు సంబంధించి రూ.6,000 దాణా బిల్లు, రూ.2,000 ఔషధాల బిల్లు వచ్చాయి. ఈ రూ.8,000 ఆ 40 పిల్లలు తిన్నదే. తలకు రూ.200 చొప్పున పొట్టేళ్ల మందకు రూ.5,000, తల్లి మందకు రూ.3,000 పంపాలి. అప్పుడు తల ఖర్చు రూ.3,200 అవుతుంది.

బిల్లు వచ్చేసరికే 10 పొట్టేళ్లను అంగడిలో అమ్మివేసి ఉంటే లెక్క కొంత మారుతుంది. అమ్మిన వాటి వాటా రూ.2,000ను అమ్మకాల ఖర్చులో చూపాలి. అంటే ఆ అమ్మకంపై లాభం రూ.2,000 తగ్గుతుంది. మిగిలిన 15 పొట్టేళ్లకు రూ.3,000, తల్లి మందకు రూ.3,000 చేరతాయి. మొత్తం బిల్లును ఉన్న 15 పొట్టేళ్లపైనే వేస్తే వాటి ఖర్చు లేనిపోని విధంగా పెరిగి, అమ్మిన వాటి లాభం ఎక్కువగా కనిపిస్తుంది.

చనిపోయిన వాటి సంగతి

అదే మందలో మొదట 42 పిల్లలు ఉండి, రెండు చనిపోయాయనుకుందాం. సంఖ్యను సవరించకపోతే సాఫ్ట్‌వేర్ రూ.1,20,000ను 42తో భాగించి తలకు రూ.2,857 చొప్పున లెక్కిస్తుంది. 40 పిల్లలను మార్చితే రూ.1,14,280 వెళ్తుంది. రూ.5,720 మిగులుతుంది. ఇది చనిపోయిన రెండు పిల్లల వాటా, పైసల సవరణ కలిపిన మొత్తం.

పెంపకంలో సహజంగా జరిగే ఒకటి రెండు మరణాల ఖర్చును బతికిన వాటిపై పంచవచ్చు. చిటుక రోగం, నీలి నాలుక వంటివి ప్రబలినప్పుడు, కుక్కల దాడి జరిగినప్పుడు ఆ నష్టాన్ని ప్రత్యేక ఖాతాలో చూపడం మేలు. బీమా సొమ్ము వస్తే ఆ ఖాతాలోనే జమ చేయాలి. ఇలా చేస్తే తల ఖర్చు కృత్రిమంగా పెరగదు, ఏ ఏడాది రోగాల వల్ల ఎంత పోయిందో విడిగా తెలుస్తుంది.

కాపరి కూలి పంచేదెలా?

ఒకే కాపరి రెండు మందలను మేపితే కూలిని సగం సగం వేయడం సరికాదు. జీవాల సంఖ్యను రోజులతో గుణించి పంచాలి. 100 తల్లి గొర్రెలు 30 రోజులు ఉంటే 3,000, 40 పిల్లలు 15 రోజులు ఉంటే 600, మొత్తం 3,600. నెల కూలి రూ.18,000 అనుకుంటే ఒక్కో దానికి రూ.5 పడుతుంది. తల్లి మందకు రూ.15,000, పిల్లల మందకు రూ.3,000 చెందుతాయి. నెల మధ్యలో జీవాలను మార్చినప్పుడు ఈ పద్ధతి పాటిస్తే మిగులు చాలావరకు తగ్గుతుంది. దొడ్డిలో మిగిలిన దాణా బస్తాలు మంద ఖర్చు కావు. వాటిని తిరిగి గోదాము నిల్వలో చూపాలి.

రాయితీ జీవాల విలువ

2017లో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకంలో మొదట 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్ విలువ రూ.1.25 లక్షలుగా ఉండేది. అందులో లబ్ధిదారు వాటా అప్పట్లో రూ.31,250. అటువంటి జీవాలను సొంత వాటా ప్రకారం లెక్కలోకి తీసుకుని, మరో మందకు మార్చేటప్పుడు పూర్తి విలువ వేస్తే పాత ఖాతా మైనస్‌లో పడుతుంది. ఏ పద్ధతిలో లోపలికి తీసుకున్నారో అదే పద్ధతిలో బయటకు పంపాలి.

సరిచూసుకునే క్రమం

జీవాలను మార్చే రోజున ముందుగా దొడ్డిలో తలలు లెక్కించి కంప్యూటర్ సంఖ్యతో పోల్చాలి. రావాల్సిన బిల్లులను అంచనాగా నమోదు చేయాలి. ఖాళీ అయిన ఖాతాను వెంటనే మూసివేయకుండా నెల రోజులు తెరచి ఉంచాలి. మిగులు కనిపిస్తే అది ఏ కాలానిదో, ఆ జీవాలు ఇప్పుడు ఎక్కడున్నాయో తేల్చుకున్న తర్వాతే సర్దుబాటు చేయాలి. ఎంట్రీని తుడిచివేయకుండా తేదీ, కారణం రాసి కొత్త ఎంట్రీ వేయాలి. పాత అంకె అలాగే ఉంటే ఆరు నెలల తర్వాత ఎవరు అడిగినా జవాబు చెప్పవచ్చు.

చివరగా ఒక పరీక్ష ఉంది. అన్ని మందల్లో ఉన్న ఖర్చు, అమ్మిన వాటి ఖర్చు, మరణాల నష్టం కలిపితే వచ్చే మొత్తం, ఏడాది మొదట ఉన్న జీవాల విలువకు ఆ ఏడాది పెట్టిన ఖర్చు కలిపిన మొత్తంతో సమానం కావాలి. రెండూ కలిస్తేనే ఖాళీ మంద ఖాతాను మూసివేయాలి.