ఇంటి ముంగిలికి ఏ కాంక్రీటు మేలు?

ముంగిలి ఇంటికి ముఖము వంటిది. వచ్చిన చుట్టము మొదట చూచునది దానినే; ఇంటివారు దినమునకు పదిమార్లు త్రొక్కునదియు దానినే. పూర్వము మన హోసూరు ప్రాంతమున ముంగిలి యనగా పేడనీళ్ళ కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టిన మట్టినేల. కలిగినవారి యిండ్లలో రాతిబండలు పరచిన నేల. నేడు పెక్కు యిండ్లలో ఆ స్థానమును కాంక్రీటు ఆక్రమించినది. ఆ కాంక్రీటును సాదాగా పోయింపవలెనా, లేక రంగులును అచ్చులును వేయించి సొగసుగా చేయింపవలెనా యను ప్రశ్న ఇల్లు కట్టుకొను ప్రతి కుటుంబమునకును ఎదురగుచున్నది. ఇది కేవలము అందమునకు సంబంధించిన ప్రశ్న కాదు. కష్టపడి కూడబెట్టిన ధనము, పెద్దల కాళ్ళకు భద్రత, వాననీటి దారి - ఈ మూడును ఇందులో ఇమిడియున్నవి.

నా చిన్నతనమున మా వాకిటి మెట్లకు ఎర్రగచ్చు చేయించిరి. అది అద్దమువలె మెరయుచుండెడిది. చూచినవారందరును మెచ్చిరి. ఆ యేటి వానలలో మా అవ్వ నీళ్ళచెంబుతో వచ్చుచు ఆ మెట్టుపై జారిపడెను. తుంటి యెముక విరిగి మూడు నెలలు మంచమున నుండెను. ఆమె లేచి నడచిన పిమ్మట మొదట చేసిన పని, మనిషిని పిలిపించి ఆ మెట్లపై ఉలితో గాట్లు పెట్టించుట. “నా కంటికి కాదురా, కాలికి కావలె” నని ఆమె యనిన మాట నేటికిని నాకు జ్ఞాపకమున్నది. ముంగిలిని గూర్చిన మొదటి సూత్రము అదియే.

కాంక్రీటు అనగా సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిసిన ముద్ద. నేడు మనము వాడు పోర్ట్‌లాండు సిమెంటునకు మూలమైన హక్కుపత్రమును 1824వ సంవత్సరమున ఇంగ్లండునందు జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు పొందెను. కాంక్రీటు ఆరిపోయి గట్టిపడునని చాలమంది తలంతురు. అది పొరపాటు. సిమెంటు నీటితో రసాయనిక సంయోగము పొంది గట్టిపడును. ఆ సంయోగము సాగవలెనన్న తడి నిలువవలెను. కావుననే పోసిన తరువాత కనీసము 7 దినములు, ఎండ తీవ్రముగా నున్నపుడు 10 దినములు నేలను తడిగా నుంచవలెను. దాని బలమును 28వ దినమున పరీక్షించుట వాడుక.

కలుపునపుడు నీరు ఎక్కువైనను చెరుపే. 50 కిలోల బస్తా సిమెంటునకు నీరు 30 లీటర్లు మించరాదు. ముద్ద జారుగా నున్నచో పని సులభము. కాని అదనపు నీరు ఆవిరియై పోయినచోట సూక్ష్మరంధ్రములు మిగిలి నేల బలహీనమగును. నీరు పెట్టవలసిన వేళ పెట్టక, పెట్టరానివేళ పోయుట వలననే పెక్కు నేలలు పాడగుచున్నవి.

ఇక మంచి సాదా నేలకు కావలసినవి నాలుగు. మొదటిది, దిమ్మిసతో బాగుగా కొట్టిన పునాది. రెండవది, 4 అంగుళముల మందము. మూడవది, ప్రతి 10 అడుగులకు సుమారు 2 అంగుళముల వాటము. అది ఇంటి గోడ నుండి బయటికి దిగవలెను. నాలుగవది, 8 మొదలు 12 అడుగుల కొకటి చొప్పున, అంగుళము లోతున కోసిన సందులు. గట్టిపడునపుడు కాంక్రీటు కొంత ముడుచుకొనును. సందులున్నచో ఆ పగులు గీత వెంట దాగిపోవును, లేనిచో ఇచ్చవచ్చినట్లు వంకరలు పోవును. చివరకు నేల ఇంకను పచ్చిగా నున్నపుడే మెత్తని చీపురుతో వాటమునకు అడ్డముగా ఒక్కసారి గీసినచో సన్నని గరుకు ఏర్పడి కాలు జారదు. దీనికి చీపురును ఒక మనిషి ఓపికయు తప్ప వేరు ఖర్చు లేదు.

సొగసు నేలలు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది రంగు నేల. ఇనుప ఆక్సైడు పొడులు ఎరుపు, పసుపు, నలుపు రంగుల నిచ్చును; ఇవి ఎండకు సులభముగా వెలియవు. అయితే ఒక చిన్న లెక్క చూడుడు. 100 చదరపు అడుగుల నేలను 4 అంగుళముల మందమున పోయుటకు, ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు కంకర చొప్పున, సుమారు ఏడున్నర బస్తాల సిమెంటు పట్టును. అది 375 కిలోలు. దానికి నూటికి 5 వంతున రంగుపొడి యనగా దాదాపు 19 కిలోలు కావలెను. ఇంత ఖర్చునకు వెరచి పైపొరకు మాత్రమే రంగు పూయుట వాడుకయైనది. ఆ పలుచని పొర అరిగినచోట లోపలి బూడిదరంగు బయటపడును.

రెండవది అచ్చు నేల. పచ్చి కాంక్రీటుపై రబ్బరు అచ్చుల నొత్తి బండలవలె, ఇటుకలవలె కనబడునట్లు చేయుదురు. చూచుటకు ముచ్చటగా నుండును. కాని దానిపై వేయు పైపూతను రెండు మూడేండ్ల కొకసారి మరల వేయింపవలసి యుండును. పూత నునుపైనదగుటచే వానలో జారు ప్రమాదము కలదు. పూతలో సన్నని ఇసుక కలిపింపవలెను. ఒకచోట పగిలి అతుకు వేసినచో అచ్చును రంగును సరిపోల్చుట మిక్కిలి కష్టము.

మూడవది గులకరాతి నేల. నేల గట్టిపడనారంభించినపుడు పైనున్న సిమెంటు పాలను నీటితోను కుంచెతోను కడిగివేసినచో లోపలి రాళ్ళు బయటపడును. అమెరికాలో వాషింగ్టన్ నగరమునందలి మెరిడియన్ హిల్ ఉద్యానవనమున జాన్ ఎర్లీ అను శిల్పి 1910ల దశకములో ఇట్టి పద్ధతిని గోడలకు ఉపయోగించి పేరొందెను. ఇందలి రంగు పైన పూసినది కాదు, రాతి సహజవర్ణము. అందుచే అరిగినను మాయదు. గరుకు ఉండుటచే కాలు నిలుచును. మన కృష్ణగిరి జిల్లాలో నల్లరాతి గనులు కలవు గనుక రాతిముక్కలకు కొరత లేదు. అయితే వాడియైన అంచులు గల ముక్కలు ఉత్తకాళ్ళకు గుచ్చుకొనును. గుండ్రని రాళ్ళనే ఎంచుకొనవలెను.

ఏ విధమైన సొగసైనను అడుగున నుండునది సాదా కాంక్రీటే యని మరువరాదు. పునాది కూలినచో అచ్చుబొమ్మయు కూలును. వాటము తప్పినచో రంగునేలపైనను నీరు నిలిచి పాచి పట్టును. కావున ధనము పరిమితముగా నున్నవారు మొదట పునాదికిని, మందమునకును, వాటమునకును ఖర్చు పెట్టవలెను. మిగిలిన దానితో సొగసు ఎంత వచ్చిన నంత చాలును. మేస్త్రిని సాదాపనికి వేరుగా, సొగసుపనికి వేరుగా లెక్క చెప్పుమని యడుగుడు. రెండును కలిపి చెప్పినపుడు సొగసు కొరకు బలమునందు కోత పడుట కనబడదు.

మరియొక సంగతి. ముంగిలి నంతయు కప్పివేయకుడు. 1,000 చదరపు అడుగుల నేలపై ఒక్క అంగుళము వాన కురిసినచో సుమారు 2,360 లీటర్ల నీరు చేరును. మట్టినేలయైనచో అందులో కొంత భాగము ఇంకును. కాంక్రీటైనచో దాదాపు అంతయు వీధిపాలగును. తమిళనాడునందు 2003వ సంవత్సరము నుండి భవనములకు వాననీటి సేకరణము నిర్బంధమైనది. నడచుటకు దారి, బండి నిలుపుటకు చోటు మాత్రము కాంక్రీటు చేసి, తక్కినది చెట్టునకును, ఇంకుడుగుంతకును విడిచినచో ఖర్చు తగ్గును, బావికి నీరు దక్కును, వేసవిలో ఇల్లు చల్లబడును.

కావున నా నిర్ణయ మిది: మెట్లకును, నూతిచుట్టునకును, పెద్దలు నడచు దారికిని చీపురుగీతల సాదానేలయే శ్రేష్ఠము. గుమ్మమునకు ఎదురుగా నొక చిన్న భాగమునకు, మనసైనచో, గులకరాతి సొగసు చేయించుకొనవచ్చును. అచ్చునేలను కోరువారు పైపూత ఖర్చును ముందుగానే లెక్కలో చేర్చుకొనవలెను.

సాదానేల బోసిగా నుండునని దిగులు వలదు. ప్రతి ఉదయమును మన తల్లులు దానిపై పెట్టు ముగ్గుకంటె మించిన అలంకార మేది? అచ్చుల గుంటలలో ముగ్గుగీత సాగదు. సాదానేలపై అది దినమున కొక క్రొత్త రూపము దాల్చును.

విద్యార్థులారా! ఈ సెలవుదినమున ఒక టేపు తీసికొని మీ ముంగిలిని కొలువుడు. ఒక చెంబు నీరు పోసి అది ఏ వైపునకు పారునో చూడుడు. దానిపై ఎంత వాననీరు చేరునో లెక్కకట్టి మీ తల్లిదండ్రులకు తెలుగులో వివరింపుడు. రేపు మేస్త్రి మీ యింటికి వచ్చి తమిళముననో, కన్నడముననో మాటలాడినను, వాటమెంత, నీరెంత యని అడుగుటకు మీ వారికి ఆ లెక్క తోడగును.