రసీదు గల కబురు, రసీదు లేని కబురు

ఒక విద్యార్థి తన మార్కుల పట్టికను కంప్యూటరులో తెప్పించుకొనుచున్నాడు. ప్రక్కగదిలో అతని అక్క విదేశమందున్న భర్తతో మాటాడుచున్నది. రెండు పనులకును ఇంటర్నెట్టే ఆధారము. పట్టికలో ఒక్క అంకె జారినను 78 మార్కులు 7 అగును. సంభాషణలో శబ్దము లిప్తకాలము తెగినను అక్క గమనింపదు. కాని ప్రతిమాటయు రెండు సెకనులు ఆలసించినచో సంభాషణయే సాగదు. ఈ భిన్నమైన అవసరములను ఒకే మార్గము ఎట్లు తీర్చుచున్నది?

ఇంటర్నెట్టులో సమాచారము చిన్నముక్కలుగా ప్రయాణము చేయును. ఈ ముక్కలకు ప్యాకెట్లని పేరు. దారిపొడవున రూటర్లను యంత్రములు గమ్యపు చిరునామాను చూచి వానిని ముందునకు పంపును. రూటరులో ప్యాకెట్లు వేచియుండు చోటు పరిమితము. అది నిండినచో క్రొత్తగా వచ్చినవానిని రూటరు పారవేయును. దారులు వేరగుటచే వెనుక పంపినది ముందు చేరవచ్చును. ఒకటే రెండుమార్లు చేరవచ్చును. ఐ.పి. అను మూలనియమావళి చేయు వాగ్దానము ఒక్కటే: చేతనైనంతవరకు చేర్చుట.

మరి మార్కుల పట్టిక చెక్కుచెదరక ఎట్లు వచ్చినది? ఆ భారము దారిది కాదు. రెండు కొసలనున్న కంప్యూటర్లది. అవి పాటించు నియమావళి టి.సి.పి. ముందుగా అవి మూడు చిన్న సందేశములతో ఒకదానినొకటి పలుకరించుకొనును. పిమ్మట పంపు ప్రతిబైటునకును ఒక వరుససంఖ్య ఉండును. అందుకొన్న యంత్రము “ఇంతవరకు అందినది, తరువాతిది పంపుము” అని రసీదు పంపును. గడువులోగా రసీదు రానిచో మొదటియంత్రము ఆ ముక్కను మరల పంపును. రెండుమార్లు వచ్చినదానిని అవతలియంత్రము విడిచిపెట్టి, ముందువెనుకలైనవానిని వరుసలో పేర్చును. ఇట్లు నమ్మదగని మార్గముపై లెక్కచేతను, ఓపికచేతను నమ్మకము నిర్మింపబడుచున్నది.

ఈ నమ్మకమునకు వెల కాలము. 5వ ముక్క పోయినచో, 6, 7, 8 చేరియున్నను, 5 మరల వచ్చువరకు అవి ఆగవలసినదే. మాటకు ఈ పద్ధతి నప్పదు. ఇంటర్నెట్టు ఫోనులో స్వరము సాధారణముగా 20 మిల్లీసెకనుల తునకలుగా పోవును. ఒక తునక పోయినచో ముందరి ధ్వనితో ఆ ఖాళీని పూడ్చవచ్చును. ఆలసించి వచ్చిన తునక మాత్రము ముహూర్తము దాటిన పిదప వచ్చిన పురోహితుని వంటిది.

ఈ భేదము మొదట స్పష్టము కాలేదు. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్‌లు ప్రకటించిన పథకములో చేరవేయుట, సరిచూచుట అను రెండు పనులు ఒకే నియమావళిలో ఇమిడియుండెను. ప్యాకెట్లద్వారా స్వరమును పంపు ప్రయోగములలో దాని ఇబ్బంది తెలిసివచ్చెను. 1978లో దానిని రెండుగా విడదీసిరి: చేరవేయుటకు ఐ.పి., సరిచూచుటకు టి.సి.పి. రసీదులు అక్కరలేని పనులకై 1980 ఆగస్టులో జాన్ పోస్టెల్ యు.డి.పి. నియమావళిని మూడు పుటలలో ప్రకటించెను. ప్రతిముక్క తలపై టి.సి.పి. వ్రాయు వివరములు కనీసము 20 బైట్లు, యు.డి.పి. వ్రాయునవి 8 బైట్లే. ఇందు పలుకరింపు లేదు, రసీదు లేదు, మరల పంపుట లేదు.

మరల పంపుటలోని అపాయము 1986 అక్టోబరులో అమెరికాలో బయటపడినది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, సుమారు 400 గజముల దూరముననున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకును నడుమ సెకనుకు 32,000 బిట్లు సాగు సమాచారము 40 బిట్లకు పడిపోయెను. రసీదు రాలేదని యంత్రములు పంపినదే పంపగా దారి మరింత క్రిక్కిరిసెను. వాన్ జేకబ్సన్ 1988లో ప్రకటించిన పరిష్కారము సులభముగా తెలియునది: ముక్క పోయినచో దారి నిండినదని గ్రహించి వేగము తగ్గింపవలెను, రసీదులు వచ్చుకొలది మెల్లగా పెంచవలెను.

యు.డి.పి.ని ఎన్నుకొనుట నమ్మకమును వదలుకొనుట కాదు. 2021లో ప్రమాణముగా వెలువడిన క్విక్ నియమావళి యు.డి.పి.పై నిలిచి, రసీదులను తానే చూచుకొనును. ఒకే బంధములో పలు ప్రవాహములు సాగుచుండగా ఒకదానిలో ముక్క పోయినను తక్కినవి ఆగవు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక వాక్యమును పది చీటీలపై వ్రాసి, సంఖ్యలు వేసి, విద్యార్థుల వరుసగుండా పంపవలెను. నడుమనున్న ఒకడు రెండు చీటీలు దాచవలెను. మొదట రసీదులు లేకుండ, తరువాత రసీదులతో ఆడించి, ఎంతకాలము పట్టినదో, వాక్యము పూర్తిగా వచ్చినదో లేదో పలకపై వ్రాయించవలెను. పిమ్మట వారిని ఒక ప్రశ్న అడుగవలెను: ఈ కబురు పోయినచో ఎక్కువ నష్టమా, ఆలసించినచో ఎక్కువ నష్టమా? ఏ నియమావళి తగునో ఆ జవాబే చెప్పును.