పందేనికి లెక్క ఉండాలి

సంక్రాంతికి చాలా ఊళ్లలో ఎడ్ల పందేలు పెడతారు. ఎడ్లు పెద్ద బండను లాగాలి. కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి వాటిని తోలుకొస్తారు. చూడముచ్చటగా ఉంటాయి. కానీ బహుమతి అందానికి ఇవ్వరు. ఇచ్చిన టైములో బండను ఎన్ని అడుగులు లాగాయి? అదే లెక్క. అందరి ముందూ టేపు పట్టి కొలుస్తారు. ఓడినవాడు కూడా కాదనలేడు.

ఇలాంటి లెక్కనే మంచు మీద జారే ఆటకు తెచ్చిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన పేరు ఆర్నాల్డ్ లన్. ఇంగ్లీషువాడు. కానీ పుట్టింది మద్రాసులో, 1888లో. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసే రాజధాని. ఆయన తండ్రి హెన్రీ లన్ క్రైస్తవ మిషనరీగా ఇక్కడికి వచ్చారు. ఒంట్లో బాగోలేక ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోయారు.

మూతపడే హోటళ్ళు

తర్వాత హెన్రీ ఒక వ్యాపారం పెట్టారు. జనాన్ని పొరుగు దేశాలకు యాత్రలకు తీసుకెళ్ళడం ఆ వ్యాపారం. రైలు టిక్కెట్లు, హోటలు గదులు, భోజనాలు అన్నీ వాళ్ళే చూసేవారు. స్విట్జర్లాండుకు చాలామందిని తీసుకెళ్ళేవారు. అది కొండల దేశం.

మనకు మంచు అంటే ధనుర్మాసంలో పొద్దున్నే పొగలా పట్టేది. ఎండ రాగానే పోతుంది. అక్కడి మంచు వేరు. దూదిలా రాలుతుంది. మోకాలి లోతు, నడుము లోతు పేరుకుంటుంది. నెలల తరబడి కరగదు. ఎండాకాలంలో వచ్చిన యాత్రికులు చలికాలంలో వచ్చేవారు కాదు. హోటళ్ళకు తాళాలు పడేవి. పనివాళ్ళకు పని ఉండేది కాదు.

మంచే జనాన్ని రప్పిస్తుందని హెన్రీ అనుకున్నారు. స్కీ ఆట కోసం జనాన్ని చలికాలంలోనే తీసుకెళ్ళారు. మ్యూరెన్ అనే ఊరు సుమారు 5,400 అడుగుల ఎత్తున ఉంది. 1910 చలికాలంలో ఆ ఊరి రైలును కూడా నడిపించారు. హోటళ్ళు తెరిచారు. వంటవాళ్ళకు, సామాను మోసేవాళ్ళకు, స్కీ నేర్పేవాళ్ళకు పని దొరికింది. చదువుకున్న కొడుకు ఆర్నాల్డ్ కూడా తండ్రి పనిలో చేరారు.

స్కీ అంటే ఏమిటి?

స్కీలు అంటే రెండు పొడవాటి పలకలు. అప్పట్లో చెక్కతో చేసేవారు. వాటిని బూట్లకు బిగిస్తారు. రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుంటారు. కొండ మీంచి కిందికి జారుతారు.

ఆర్నాల్డ్ 1909లో కొండ ఎక్కుతూ జారి పడ్డారు. కాలు బాగా విరిగింది. నయమైనా ఆ కాలు పొట్టిదైపోయింది. అయినా ఆయన ఆట మానలేదు. ఆడుతూనే పోటీలు నడిపారు. 1911 జనవరిలో కొండ దిగే పందెం ఒకటి పెట్టించారు. దానికి కప్పు ఇచ్చినాయన లార్డ్ రాబర్ట్స్. ఆయన ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్ దగ్గర యుద్ధం గెలిచిన సేనాని. అందుకే మంచు ఆటలో ఇప్పటికీ కాందహార్ పేరు వినిపిస్తుంది.

అందమా, వేగమా?

కొండ మీద వంకరలు తిరుగుతూ జారే పోటీని స్లాలం అంటారు. ఇది నార్వే వాళ్ళ మాట. మొదట్లో దీనికి న్యాయనిర్ణేతలు మార్కులు వేసేవారు. ఎవరు ఎంత అందంగా తిరిగారో చూసేవారు. ఒకరి కంటికి అందం అనిపించింది ఇంకొకరికి అనిపించకపోవచ్చు కదా!

ఆర్నాల్డ్ ఈ పద్ధతి మార్చారు. వాలు మీద రెండేసి జెండాలు పాతించారు. ప్రతి జత మధ్య నుంచీ జారి వెళ్ళాలి. ఎవరు తక్కువ టైములో కిందికి చేరితే వారే గెలిచినట్టు. అందంతో పని లేదు. గడియారమే తీర్పు చెబుతుంది. ఈ పద్ధతిలో మొదటి పోటీ 1922 జనవరి 21న మ్యూరెన్‌లో జరిగింది.

పెద్దలు వెంటనే ఒప్పుకోలేదు. స్కీ ఆట పుట్టిన నార్వే వాళ్ళకు మంచు మీద దూరం నడవడం, ఎత్తు నుంచి దూకడం ముఖ్యం. ఆర్నాల్డ్ వాదిస్తూనే ఉన్నారు. 1928లో ఆస్ట్రియాకు చెందిన హాన్నెస్ ష్నైడర్‌తో కలిసి ఇంకో పోటీ మొదలుపెట్టారు. చివరికి 1930లో అంతర్జాతీయ స్కీ సంఘం ఒప్పుకుంది. 1931లో మ్యూరెన్‌లోనే ప్రపంచ పోటీలు జరిగాయి. అందులో ఆడవాళ్ళు కూడా పోటీ పడ్డారు. ఎస్మే మెకిన్నన్ అనే అమ్మాయి రెండు పందేలూ గెలిచింది. 1936లో ఈ ఆట ఒలింపిక్స్‌కు చేరింది.

ఎవరికి చోటు లేదు?

ఇందులో ఒక లోటు కూడా ఉంది. హెన్రీ పెట్టిన క్లబ్బులో పేరున్న బడుల్లో చదివిన వాళ్ళకే చోటు. ఆ బడులు డబ్బున్న వాళ్ళవి. 1936 ఒలింపిక్స్‌లో స్కీ నేర్పి జీతం తీసుకునే వాళ్ళను ఆడనివ్వలేదు. డబ్బు కోసం కాకుండా సరదాకి ఆడేవాళ్ళే ఆడాలని అప్పటి రూలు. కొండ ఊళ్లలో బాగా ఆడేవాళ్ళలో చాలామంది నేర్పి బతికేవాళ్ళే. సొంత ఆటలోనే వాళ్ళు బయట నిలబడాల్సి వచ్చింది. తర్వాత తర్వాత ఒలింపిక్స్‌లో ఆ రూలు పోయింది.

ఆర్నాల్డ్‌కు 1952లో సర్ బిరుదు వచ్చింది. 1974లో చనిపోయారు. మ్యూరెన్‌లో 1928లో ఆయన క్లబ్బు వాళ్ళు మొదలుపెట్టిన పందెం ఒకటి ఇప్పటికీ జనవరిలో జరుగుతుంది. మామూలు మనుషులు వెయ్యిమందికి పైగా అందులో జారతారు.

లెక్క సరిగా ఉంటే ఓడినవాడికి కూడా కోపం రాదు. అయితే లెక్క ఒక్కటే చాలదు. పందెంలోకి అందరినీ రానివ్వాలి.

చర్చించండి

1. మీ ఊరి పోటీల్లో గెలుపు ఎలా నిర్ణయిస్తారు? రూలు ముందే రాసిపెడతారా?

2. మీ ఊళ్లో ఆటకు రానివ్వని వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎందుకు?

3. పని దొరకని కాలంలో మీ ఊరికి పని తెచ్చేది ఏమైనా ఉందా?